క్రైసిస్, ఫార్ క్రై 2, స్టాకర్, మెట్రో ఎక్సోడస్: ఏది ముందు ఆడాలి?

ఈ నాలుగూ తుపాకి పట్టుకుని ఆడే షూటర్ గేములు. ముందే చెప్పేస్తాను: కళ్ళు చెదిరే గ్రాఫిక్స్ కావాలి, మనకి తోచినట్టు ఆడుకునే వీలూ ఉండాలి, ఒక్క గేమ్‌కే టైముంది అంటే 2007లో వచ్చిన క్రైసిస్ ఆడండి. కానీ ఈ ఒక్క మాట పట్టుకుని మొదలుపెడితే మీలో సగంమందికి నచ్చకపోవచ్చు. ఎందుకంటే "తోచినట్టు ఆడటం" అనే దానికి ఒక్కొక్కరి మనసులో ఒక్కో అర్థం ఉంటుంది. ఎదురుగా ఉన్న క్యాంప్‌ని ఏ పక్కనుంచి కొట్టాలో నేనే తేల్చుకోవాలి అనేవాళ్ళున్నారు. క్యాంప్ సంగతి తర్వాత, అసలు ఇవాళ తూర్పుకి పోవాలా పడమరకి పోవాలా అన్నది నా ఇష్టం అయి ఉండాలి అనేవాళ్ళున్నారు. నేనున్నా లేకపోయినా ఆ లోకం తన మానాన తను నడుస్తుండాలి, అందులో నేనూ ఒకణ్ణి అంతే అనిపించాలి అని కోరుకునేవాళ్ళు ఇంకొందరు. ఈ కోరికలన్నిటినీ "ఓపెన్ వరల్డ్" (ఎటైనా తిరగగలిగే లోకం) అనే ఒకే డబ్బాలో వేసి రేటింగులు ఇచ్చేయడం వల్లే చాలామంది తమకి సరిపడని గేమ్ తెచ్చుకుని, నాలుగు గంటలాడి మూలన పడేస్తున్నారు.

నేను ఏ గేమ్‌నైనా ఎలా చూస్తానో చెప్తాను, మీరూ అలా చూసుకోవచ్చు. మొదటి గంటలో కనిపించిన శత్రువుల క్యాంప్ దగ్గర ఆగిపోతాను. కాల్చను. కాస్త ఎత్తున్న చోటు చూసుకుని ఐదు నిమిషాలు ఊరికే గమనిస్తాను: కాపలావాళ్ళు ఎటు తిరుగుతున్నారు, లోపలికి ఎన్ని దారులున్నాయి, గడ్డి, నీళ్ళు, చీకటి, గాలి వీటిలో ఏది నాకు సాయం చేస్తుంది. అప్పుడు సేవ్ చేసి అదే క్యాంప్‌ని మూడు రకాలుగా ఆడి చూస్తాను. మూడుసార్లూ ఒకే పోరాటం జరిగినట్టుంటే ఆ మ్యాప్ ఎన్ని చదరపు కిలోమీటర్లున్నా నా లెక్కలో అది ఇరుకు గేమే. గ్రాఫిక్స్‌కి కూడా ఇదే పరీక్ష. ఆకు మీద ఎండ ఎంత బాగా పడిందో చూసి మురిసిపోవడం పది నిమిషాల ముచ్చట, ఆ తర్వాత ఆ ఆకుల వెనక నేను దాక్కోగలనా, ఆ చెట్టు బుల్లెట్లు తగిలితే కూలుతుందా, ఆ గడ్డి అంటుకుంటుందా అన్నదే ముఖ్యం.

ఈ పరీక్షలో క్రైసిస్‌కి ఇప్పటికీ మంచి మార్కులు వస్తాయి, పద్దెనిమిదేళ్ళు దాటినా సరే. చేసింది క్రైటెక్, జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ స్టూడియో. 2004లో మొదటి ఫార్ క్రై చేసింది కూడా వీళ్ళే, ఆ తర్వాత ఆ పేరు యూబీసాఫ్ట్ చేతికి వెళ్ళిపోయింది, అందుకే ఫార్ క్రై 2 నుంచి ఆ సిరీస్ రుచే వేరు. క్రైసిస్‌లో కథ 2020లో, లింగ్షాన్ అనే కల్పిత ద్వీపం మీద జరుగుతుంది. ఉత్తర కొరియా సైన్యం ద్వీపాన్ని పట్టుకుని ఉంటుంది, మీరు నోమాడ్ అనే అమెరికన్ సైనికుడు, ఒంటి మీద నానోసూట్. కథ గురించి ఇంతకంటే పట్టించుకోనక్కర్లేదు. అసలు గేమ్ అంతా ఆ సూట్‌లోనే ఉంది. దానికి నాలుగు పద్ధతులు: దెబ్బలు కాసే కవచం, బలం, వేగం, కనిపించకుండా పోవడం. నాలుగిటికీ కలిపి ఒకటే ఎనర్జీ. ఈ ఒకటే ఎనర్జీ అన్న నియమమే ఆటని నిలబెట్టింది. మాయమై నిశ్చలంగా ఉంటే ఎనర్జీ నెమ్మదిగా తగ్గుతుంది, నడిస్తే త్వరగా, పరిగెత్తితే ఇంకా త్వరగా, తుపాకి పేల్చారా మొత్తం ఒక్క దెబ్బకి ఖాళీ. అంటే మాయమై వెళ్ళి కాల్చడం తేలికే, కాల్చిన తర్వాత మూడు సెకన్లు ఎలా బతకాలి అన్నదే సమస్య.

మొదటి లెవెల్లోనే ఒక జీపీఎస్ జామర్‌ని ఆపే పని ఉంటుంది. నేను మొదట నేరుగా వెళ్ళి కాల్చాను, చచ్చాను. రెండోసారి నీళ్ళలోంచి ఈదుకుంటూ వెనక్కి వెళ్ళి ఒడ్డు దగ్గర పొదలో కూర్చున్నాను. పొదలోకి దూరుతుంటే ఆకులు నా భుజానికి తగిలి పక్కకి ఒరిగాయి, దాటగానే మళ్ళీ మామూలుగా నిలబడ్డాయి. ఒక సైనికుడు నాలుగడుగుల దూరంలో ఆగి అటూ ఇటూ చూసి వెళ్ళిపోయాడు. అక్కడి నుంచి మాయమై పాక గోడ దాకా పాకాను, ఎనర్జీ అడుగంటింది, గోడ చాటున మళ్ళీ నిండేదాకా ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. అంతలో ఎవడో నన్ను చూశాడు. వాడు ఫ్లేర్ గన్ ఆకాశంలోకి పేల్చాడంటే ఇంకో జట్టు బయల్దేరినట్టే, అందుకే వాణ్ణి ముందు పడేయాలి. నేను పడేయలేకపోయాను. ఫ్లేర్ ఎర్రగా వెలిగింది, నేను పాకలోకి దూరాను, వాళ్ళు గ్రెనేడ్ వేశారు, రేకులూ చెక్కలూ విడివిడిగా ఊడి కప్పు కూలింది. ఆ పది నిమిషాల్లో ఎవరో ముందుగా రాసిపెట్టిన సీను అనిపించింది ఒక్కటీ లేదు. అప్పుడు నా కంప్యూటర్‌లో ఫ్రేమ్ రేట్ (సెకనుకి తెర మీద మారే బొమ్మలు) ఇరవై దాటేది కాదు, నీడలన్నీ ఆపేసి ఆడుతున్నాను, అయినా టెన్షన్‌తో అరచేతులు తడిసిపోయాయి. గ్రాఫిక్స్ తగ్గించాక కూడా నిలబడే గేమ్ ఇది అని నాకు నమ్మకం కుదిరింది అప్పుడే.

కొరియన్ సైనికులతో పోరాడినంతసేపూ ఇలాగే ఉంటుంది. ఆ తర్వాత, అంటే కొండ లోపలికి వెళ్ళి గ్రహాంతరవాసుల ఓడలో తేలే లెవెల్ నుంచి, దారి సన్నబడుతుంది. ఆ తర్వాత మంచు గడ్డకట్టిన ద్వీపం చూడటానికి అద్భుతంగా ఉంటుంది, నిజం, కానీ అక్కడ పని ముందుకి నడిచి ఎదురొచ్చినదాన్ని కాల్చడమే. విమానం నడిపే లెవెల్ ఒకటుంది, అది నాకు అసలు నచ్చలేదు. ముగింపు కూడా సగంలో ఆగినట్టుంటుంది. కాబట్టి క్రైసిస్‌ని "మొత్తం ఓపెన్" అని ఎవరైనా అంటే నమ్మకండి. మ్యాప్ అంతా ఒకటే కాదు, ఒకదాని తర్వాత ఒకటి వచ్చే విశాలమైన లెవెల్స్ అవి. ఆ విశాలం కూడా మొదటి సగానికే.

ఏ వెర్షన్ అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పాత పీసీ వెర్షన్, 2020లో మెరుగుపెట్టి మళ్ళీ విడుదల చేసిన రీమాస్టర్డ్, రెండూ దొరుకుతాయి. రీమాస్టర్డ్ తయారైంది 2011లో ప్లేస్టేషన్ 3, ఎక్స్‌బాక్స్ 360 కోసం చేసిన వెర్షన్ ఆధారంగా, అందుకే విడుదలైనప్పుడు ఆ విమానం లెవెల్ అందులో లేదు, 2021లో అప్‌డేట్‌తో చేర్చారు. రే ట్రేసింగ్ (వెలుతురు ఎక్కడ తగిలి ఎటు పోతుందో లెక్కకట్టే పద్ధతి) వచ్చింది, నీళ్ళలో ప్రతిబింబాలు బాగున్నాయి, కానీ రంగులు పాతదానికంటే వేరుగా ఉంటాయి. తెల్లవారుజామున అడవిలో కొంచెం మసకగా, బరువుగా ఉండే ఆ వెలుగు నాకు పాతదాంట్లోనే బాగుంటుంది. పాతది కొత్త విండోస్ మీద ఒక్కోసారి మొరాయిస్తుంది, ఫోరమ్‌లు వెతికి చిన్నచిన్న మార్పులు చేసుకునే ఓపిక ఉంటే పాతదే తీసుకోండి, లేకపోతే రీమాస్టర్డ్‌తో నష్టం లేదు. కన్సోల్ మీద ఆడేవాళ్ళకి ఎలాగూ రీమాస్టర్డే. 2008లో వచ్చిన క్రైసిస్ వార్‌హెడ్‌ని మాత్రం వదలకండి. చిన్నది, అదే ద్వీపం, సైకో అనే ఇంకో సైనికుడి వైపు నుంచి కథ, పోరాటాలు అసలు గేమ్ కంటే చురుగ్గా సాగుతాయి.

ఇంకో విషయం, చాలామంది "ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు మీద పద్దెనిమిదేళ్ళ నాటి గేమ్ నీళ్ళలా నడుస్తుంది కదా" అనుకుంటారు. అలా నడవదు. అప్పట్లో అడిగిన కనీస స్పెక్స్ పెంటియం 4, 1 జీబీ ర్యామ్, 256 ఎంబీ గ్రాఫిక్స్ కార్డ్, ఇప్పటి లెక్కలో అది ఏమీ కాదు. కానీ ఆ గేమ్ పని భారం చాలావరకు ప్రాసెసర్‌లో ఒకే కోర్ (లెక్కలు చేసే భాగం) మీద పడుతుంది. ప్రాసెసర్ల వేగం పెరుగుతూ పోతుందని అనుకున్న రోజుల్లో రాసిన ఇంజిన్ (గేమ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) అది, తీరా చూస్తే వేగం కంటే కోర్లు పెరిగాయి. అందుకే పెద్ద పోరాటాల్లో, ఎక్కువమంది సైనికులు ఒకేసారి కదిలే చోట, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డ్ ఉన్నా ఫ్రేములు పడిపోతాయి. కార్డు పాడైందేమో అని కంగారు పడకండి.

ఇక ఫార్ క్రై 2. 2008 అక్టోబర్‌లో వచ్చింది, యూబీసాఫ్ట్ మాంట్రియల్ చేసింది, దర్శకత్వం క్లింట్ హాకింగ్. పేరు చెప్పని ఒక ఆఫ్రికా దేశంలో అంతర్యుద్ధం, రెండు ముఠాలు, రెండిటికీ ఆయుధాలు అమ్మే ఒకడు, వాణ్ణి చంపడానికి వచ్చిన కిరాయి సైనికుడు మీరు. సుమారు 50 చదరపు కిలోమీటర్ల మ్యాప్, ఎటైనా పోవచ్చు. నేను ఈ గేమ్‌ని ఎంత ఇష్టపడతానో అంత విసుక్కుంటాను కూడా, రెండూ ఒకే కారణానికి: ఇది మీకు సుఖంగా ఉండాలని ఏ కోశానా అనుకోదు. మీకు మలేరియా ఉంటుంది, పోరాటం మధ్యలో కళ్ళు మసకబారతాయి, మాత్ర వేసుకోవాలి. చచ్చినవాడి చేతిలోంచి తీసుకున్న తుపాకి తుప్పు పట్టి ఉంటుంది, నాలుగు మ్యాగజీన్లు పేల్చాక సరిగ్గా అవసరమైన క్షణంలో జామ్ అవుతుంది. మ్యాప్ చూడాలంటే గేమ్ ఆగదు, నిజంగా చేతిలోకి కాగితం మ్యాప్ తీస్తారు, జీపు నడుపుతూ దాన్ని చూస్తుంటే చెట్టుకి గుద్దుకుంటారు. ఒంట్లో దిగిన బుల్లెట్‌ని పట్టకారుతో లాగేసుకుంటుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

అన్నిటికంటే గొప్పది నిప్పు. ఎండు గడ్డిలో పెట్రోల్ బాంబు విసిరితే మంట గాలి వీచే దిక్కుకి పాకుతుంది. ఒక చెక్‌పోస్ట్‌ని అలా తగలబెడదామని గడ్డి అంటించి, దర్జాగా కొండ మీద నిలబడి చూస్తున్నాను. గాలి మళ్ళింది. మంట నా వైపు ఎక్కడం మొదలుపెట్టింది, వెనక బండ, దిగడానికి దారి ఆ మంటల్లోంచే. దూకి కాలు విరగ్గొట్టుకుని, ఎముక సరిచేసుకుని, పొగలో ఎవరు ఎవరో తెలియకుండా కాల్చుకుంటూ బయటపడ్డాను. ఇలాంటిది ఏ మిషన్‌లోనూ రాసి ఉండదు. గ్రాఫిక్స్ గొప్పవా అంటే, అప్పుడు గొప్పవే, ఇప్పుడు మొహాలు బొమ్మల్లా ఉంటాయి, అంతా గోధుమ రంగు. కానీ మధ్యాహ్నం మూడింటి ఎండ, గాలికి ఊగే గడ్డి, ఆ నిప్పు, ఇవి ఇంకా పాతబడలేదు.

విసుగు దేనికంటే చెక్‌పోస్టులకి. ఒక చెక్‌పోస్ట్‌లో అందర్నీ చంపి కాస్త దూరం పోయి తిరిగొస్తే మళ్ళీ అక్కడ అంతమందీ ఉంటారు. ప్రతి ప్రయాణంలోనూ ఇదే. బస్ స్టేషన్ల నుంచి దూరాలు దాటొచ్చు, నదిలో పడవ మీద వెళ్తే గొడవ తక్కువ, అయినా పదో గంట దాటాక చాలామందికి ఓపిక అయిపోతుంది. పైగా మీరు ఏం చేసినా ఆ దేశంలో ఏమీ మారదు. కథకి అది కావాలేమో కానీ, ఆడేవాడికి నీరసం వస్తుంది. రోజుకి గంట ఆడి ఆపేసేవాళ్ళకి ఇది బాగుంటుంది, సెలవు రోజు కూర్చుని ఎనిమిది గంటలు ఆడేవాళ్ళకి వద్దు. తర్వాతి ఫార్ క్రైల సంగతి రెండు ముక్కల్లో: 2012 నాటి మూడోది చాలా సరదాగా, తేలిగ్గా ఉంటుంది, టవర్లు ఎక్కి మ్యాప్ తెరవడం, క్యాంపులు పట్టుకోవడం, పట్టుకున్న క్యాంప్ మీదే అయిపోవడం. రెండోదానిలోని కరుకుదనం నచ్చనివాళ్ళందరికీ మూడోది సరిపోతుంది. ఆ తర్వాతవి ఎక్కువగా అదే అచ్చులో పోసినవి, మూడోది నచ్చితే చూడండి.

స్టాకర్: షాడో ఆఫ్ చెర్నోబిల్ వేరే జాతి. కీవ్‌లోని జీఎస్‌సీ గేమ్ వరల్డ్ స్టూడియో 2001లో ప్రకటించి, ఏళ్ళ తరబడి వాయిదాలు వేసి, 2007 మార్చిలో విడుదల చేసింది. 1986 ప్రమాదం తర్వాత మనుషులు ఖాళీ చేసిన చెర్నోబిల్ ప్రాంతమే నేపథ్యం. స్టూడియోవాళ్ళు అక్కడికి వెళ్ళి ఫొటోలు తీసుకుని వచ్చి ఆ భవనాలని గేమ్‌లో కట్టారు. కథలో అక్కడ ఇంకో పేలుడు జరిగి, భౌతిక సూత్రాలు తప్పిన చోట్లు, వాటిలో దొరికే వింత వస్తువులు, వాటి కోసం ప్రాణాలకి తెగించి తిరిగే మనుషులు పుట్టుకొస్తారు. మీరు వాళ్ళలో ఒకరు. చేతిలో ఒక పనికిమాలిన పిస్తోలు, జేబులో కొన్ని బోల్టులు.

ఆ బోల్టుల గురించి చెప్పాలి. ముందు ఖాళీ నేల కనిపిస్తుంది, గాలి కొంచెం వణుకుతున్నట్టుంటుంది అంతే. బోల్టు విసిరితే అది సగం దూరం వెళ్ళి, పట్టి లాగినట్టు గిర్రున తిరిగి పేలుతుంది. అక్కడ అడుగు పెడితే మీ గతీ అంతే. అంటే గాలిలోని ఆ చిన్న వణుకుని కళ్ళతో పట్టుకోవడం ప్రాణావసరం. గ్రాఫిక్స్ ఎందుకు అన్న ప్రశ్నకి ఇంతకంటే మంచి జవాబు నాకు ఎక్కడా దొరకలేదు. పాలిగాన్ల (బొమ్మల్ని కట్టే చిన్న ముక్కల) లెక్కలో క్రైసిస్ ముందు ఇది పేదది. కానీ మెరుపు మెరిసినప్పుడు ఎదురుగా ఉన్న గోడ మీద కిటికీ నీడ పడి, ఆ నీడలో ఏదో కదిలినప్పుడు వెన్నులో పుట్టే చలి క్రైసిస్‌లో నాకు ఎప్పుడూ కలగలేదు.

ఇక్కడ లోకం మీ కోసం ఆగదు. ఏ-లైఫ్ అని వాళ్ళు పేరు పెట్టిన వ్యవస్థ వల్ల మిగతా మనుషులు, కుక్కలు, వింత జంతువులు తమ తిప్పలు తాము పడుతుంటాయి. మీరు వెళ్ళేసరికి ఒక చోట పోరాటం అయిపోయి శవాలు మాత్రమే ఉండొచ్చు, నిన్న మంట దగ్గర కూర్చుని గిటార్ వాయించినవాడు ఇవాళ దారి పక్కన పడి ఉండొచ్చు. మొదటి మూడు గంటలు మాత్రం కష్టం. పిస్తోలు గురి తప్పుతుంది, బందిపోట్లు చావరు, ఏం చేయాలో ఎవరూ నోట్లో పెట్టరు. ఆ మూడు గంటలు దాటినవాళ్ళు ఇక వదలరు, దాటలేనివాళ్ళని నేను తప్పుపట్టను కూడా. బగ్స్ చాలా ఉన్నాయి, ఇంకా ఉన్నాయి, ప్రతి కీలకమైన చోటా వేరే వేరే ఫైళ్ళలో సేవ్ చేసుకోండి, ఒకే సేవ్ మీద ఆధారపడితే ఏదో ఒకరోజు ఏడుస్తారు. పాత మూడు గేములూ 2024లో కన్సోల్స్ మీదికి కూడా వచ్చాయి.

మరి 2024 నవంబర్‌లో వచ్చిన స్టాకర్ 2 సంగతి? ఉక్రెయిన్ యుద్ధం మధ్యలో, స్టూడియోలో కొంతమంది ప్రాగ్‌కి తరలి వెళ్ళి పూర్తిచేసిన గేమ్ అది, అది తలుచుకుంటేనే గౌరవం కలుగుతుంది. అన్‌రియల్ ఇంజిన్ 5 మీద చేశారు, లోడింగ్ లేని ఒకే పెద్ద మ్యాప్, తుఫాను వచ్చేటప్పుడు ఆకాశం చూస్తే ఆడటం మానేసి నిలబడిపోతాం. కానీ విడుదలైన రోజున దాని ఏ-లైఫ్ సరిగ్గా పనిచేయలేదు, శత్రువులు దూరం నుంచి నడిచి రావడం మానేసి మన వెనకే పుట్టుకొచ్చేవాళ్ళు. తర్వాత చాలా ప్యాచ్‌లు (తప్పులు దిద్దే అప్‌డేట్లు) వచ్చి బాగా మెరుగైంది. కంప్యూటర్ గట్టిది అయి ఉండాలి, 160 జీబీ ఎస్ఎస్‌డీ ఖాళీ ఉంచుకోవాలి. పాతదాంట్లోని ఇబ్బందులు భరించలేం కానీ ఆ వాతావరణం కావాలి అనేవాళ్ళు నేరుగా దీనికి వెళ్ళిపోవచ్చు, కథ కొంత తెలియకపోయినా పెద్ద నష్టం లేదు.

మెట్రో ఎక్సోడస్‌ని ఈ జాబితాలో పెట్టడం తప్పని కొందరు అంటారు, ఎందుకంటే అది సగం ఓపెన్ మాత్రమే. 4ఏ గేమ్స్, 2019 ఫిబ్రవరి. అణుయుద్ధం తర్వాత మాస్కో సొరంగాల్లోంచి బయటపడి, అరోరా అనే రైలెక్కి తూర్పుకి ప్రయాణం. కొన్ని చోట్ల రైలు ఆగుతుంది, వోల్గా ఒడ్డు, ఎండిపోయిన కాస్పియన్ లాంటి చోట్ల, అక్కడ మీ ఇష్టం, మధ్యలో మాత్రం కథ చెయ్యి పట్టుకుని నడిపిస్తుంది. నా మటుకు ఇది లోపం కాదు. ఉద్యోగం, ఇల్లు, వీటి మధ్య ఇరవై గంటలకి మించి ఒక గేమ్‌కి ఇవ్వలేనివాళ్ళకి ఈ కొలత హాయిగా ఉంటుంది. గ్రాఫిక్స్ విషయంలో ఈ నాలుగింట్లో ఇప్పటికీ ముందున్నది ఇదే. రే ట్రేసింగ్ కార్డు ఉంటే 2021లో వచ్చిన ఎన్‌హాన్స్డ్ ఎడిషన్ ఆడండి, పీసీలో అసలు గేమ్ ఉన్నవాళ్ళకి ఉచితంగానే ఇచ్చారు, కానీ రే ట్రేసింగ్ లేని కార్డు మీద అది నడవదు. కిటికీలోంచి వచ్చే వెలుతురు గదిలో గోడల మీద పడి, అక్కడి నుంచి మూలలకి పాకుతుంది. ఇందులో వెలుగూ చీకటీ ఆటలో భాగం. మంచం కనిపిస్తే పడుకుని రాత్రి అయ్యాక లేవొచ్చు. రాత్రిపూట మనుషుల కాపలా తగ్గుతుంది, వింత జంతువులు పెరుగుతాయి, దేనితో తలపడతారో మీ ఇష్టం. దీపాలు ఆర్పుకుంటూ ఒక స్థావరంలోకి వెళ్ళి, ఒక్క బుల్లెట్ పేల్చకుండా బయటికి వచ్చిన రోజు ఎంత తృప్తిగా అనిపించిందో చెప్పలేను. ఓడిపోతున్నామని తెలిస్తే శత్రువులు తుపాకులు పడేసి చేతులెత్తేస్తారు కూడా, వాళ్ళని చంపకుండా వదిలేయడం తర్వాత కథలో లెక్కకి వస్తుంది. గ్యాస్ మాస్క్ అద్దం మీద రక్తం, బురద పడితే చేత్తో తుడుచుకోవాలి, అందుకు ప్రత్యేకంగా ఒక బటన్ ఉంది.

అవతార్: ఫ్రాంటియర్స్ ఆఫ్ పండోరా గురించి కూడా అడుగుతారు కాబట్టి ఒక మాట. 2023 డిసెంబర్‌లో వచ్చింది, అడవి అందం విషయంలో దాని పక్కన నిలబడేవి చాలా తక్కువ. ఊరికే ఆ అడవిలో తిరగాలని ఉంటే హాయిగా తిరగండి. స్థావరాల మీద దాడులు మాత్రం పదోసారికి ఒకేలా అనిపించాయి నాకు, నా మూడుసార్ల పరీక్షలో అది తట్టుకోలేదు.

సెట్టింగ్స్ గురించి కొంచెం, ఎందుకంటే ఈ రకం గేముల్లో సగం గొడవ అక్కడే. అన్నీ అల్ట్రాలో పెట్టి ఫ్రేములు 60కీ 25కీ మధ్య ఊగుతుంటే, తగ్గించి నిలకడగా 30 దగ్గర కట్టేయడం మేలు. 60 ఫ్రేములంటే ఒక్కో ఫ్రేముకి 16.6 మిల్లీసెకన్లు, 30 అంటే 33.3. కంటికి ఇబ్బంది ఆ సంఖ్యతో కంటే అది మాటిమాటికీ మారడంతో వస్తుంది, గురి తప్పేదీ అప్పుడే. తగ్గించేటప్పుడు ముందు నీడలు, ఆ తర్వాత పొగమంచు, మేఘాల క్వాలిటీ, ఆ తర్వాత ప్రతిబింబాలు. టెక్స్చర్లు (వస్తువుల పైభాగాన అతికించే బొమ్మలు) కార్డులో మెమరీ సరిపోయినంతవరకు తగ్గించకండి, వాటివల్ల వేగానికి వచ్చే నష్టం తక్కువ, తగ్గిస్తే పోయే అందం ఎక్కువ. వస్తువులు ఎంత దూరం దాకా కనిపించాలి అనే సెట్టింగ్‌ని చివరి దాకా కాపాడుకోండి. విశాలమైన షూటర్‌లో గుట్ట మీద నుంచి దూరంగా ఉన్న కాపలావాణ్ణి చూడలేకపోతే ఇక ప్లాన్ ఏం వేస్తారు? ఆడుతుంటే తల తిరుగుతోందంటే ఫీల్డ్ ఆఫ్ వ్యూ (తెర మీద ఎంత వెడల్పు కనిపించాలనేది) పెంచి చూడండి, పాత క్రైసిస్‌లో మెనూలో ఉండదు కానీ గేమ్‌లోనే టైప్ చేసే కన్సోల్ కమాండ్‌తో మార్చుకోవచ్చు. మోషన్ బ్లర్ (కదిలేటప్పుడు బొమ్మ మసకబారడం) ఆపేస్తే కూడా చాలామందికి ఉపశమనం.

కాబట్టి మీ దగ్గర ఏముంది, మీకేం కావాలి అన్నదాన్ని బట్టి ఇలా చేయండి. ఒక సమస్యని పది రకాలుగా విప్పడంలో ఆనందం ఉందంటే క్రైసిస్, అదీ డెల్టా అనే అన్నిటికంటే కష్టమైన స్థాయిలో. డెల్టాలో గురి గుర్తు ఉండదు, సైనికులు కొరియన్‌లోనే మాట్లాడుకుంటారు కాబట్టి వాళ్ళు ఏం చేయబోతున్నారో మాటల్ని బట్టి తెలియదు, చూసే తెలుసుకోవాలి. మొదటిసారే డెల్టా వద్దు, ఒక మెట్టు తక్కువ కష్టంలో మొదలుపెట్టి సూట్ చేతికి అలవాటయ్యాక మారండి. బలమైన రే ట్రేసింగ్ కార్డు ఈమధ్యే కొని, దాని విలువ కళ్ళారా చూడాలనుకుంటే, కథ కూడా కావాలనుకుంటే మెట్రో ఎక్సోడస్. ల్యాప్‌టాప్ పాతది, ప్రత్యేకంగా కార్డు అంటూ లేదు అంటే ఫార్ క్రై 2 గానీ మొదటి స్టాకర్ గానీ తక్కువ సెట్టింగ్స్‌లో ప్రయత్నించండి. పిల్లలు పక్కన కూర్చుని చూస్తారంటే వీటిలో ఏదీ వద్దు, అన్నీ పెద్దవాళ్ళ గేములే, రక్తం ఎక్కువ. స్నేహితులతో కలిసి ఆన్‌లైన్‌లో ఆడాలనే కోరికతో కూడా వీటి జోలికి రావద్దు, వీటి బలమంతా ఒంటరిగా ఆడటంలోనే ఉంది, పాత క్రైసిస్ మల్టీప్లేయర్ అధికారిక సర్వర్లు 2014లోనే ఆగిపోయాయి.

స్టాకర్ ఎంచుకున్నవాళ్ళు మొదటి ఊళ్ళో వ్యాపారి ఇచ్చే పనిని తుపాకి పట్టుకుని ఒంటరిగా చేయబోకండి, అక్కడ కాచుకుని ఉన్న మిగతావాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళండి, వాళ్ళలో ఒక్కడైనా బతికేలా చూడండి. రోడ్డు మీద బ్రిడ్జి కింద సైనికులు డబ్బులడుగుతారు, గొడవ పెట్టుకోవద్దు, గట్టు వెంట వెళ్తే సొరంగం ఒకటి కనిపిస్తుంది, అందులో మెరుపులు ఒక క్రమంలో వస్తూ పోతుంటాయి. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, రాత్రి, ఇంట్లో దీపం ఆర్పేసి ఆ సొరంగం ముందు నిలబడండి. బోల్టు విసరండి, మెరుపు ఎటు పోతోందో చూడండి, అది దాటగానే పరిగెత్తండి.